అయిదు ఆంపియర్ల తీగ, రహీమా ఇస్త్రీ పెట్టె

“బరువుని బట్టి లాగడానికి కరెంటేమన్నా ఎడ్ల బండా, కాంతారావు గారూ? నా ఇస్త్రీ పెట్టె బరువు కాబట్టి కరెంటంతా అదే తాగేస్తోందట. ఆయన నీళ్ళు కాచుకునే రాడ్డు జానెడు కాబట్టి పాపం ఏమీ తాగదట! శోభనాద్రి గారి సైన్సు!”

పక్క గదిలో అద్దెకుంటున్న కాంతారావు నలిగిన చొక్కా చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. రహీమా మాట్లాడుతుంటే ఆయనకి వచ్చిన పని గుర్తుండదు. వీళ్ళిద్దరికీ, మేడమీదుండే ఇంటాయన శోభనాద్రికీ కలిపి ఒకటే మీటరు, ఒకటే ఫ్యూజు. అది ఈ పొద్దున మళ్ళీ పోయింది. ఇంటాయన మెట్ల మీద నుంచే తీర్పు చెప్పేశాడు: రహీమా బొగ్గుల పెట్టెకి మారాలి, లేదా గది ఖాళీ చెయ్యాలి.

బొగ్గుల పెట్టెని ఆమె తుపాను ఏడాదే వదిలేసింది. ఉప్పెన తగ్గాక బందరులో బురద వాసన పోయేదాకా ఉతికిన బట్టలన్నీ ఆమె బల్ల మీదికే వచ్చాయి. బొగ్గుల బస్తా నాని ముద్దయింది. తడి పొగకి దగ్గీ దగ్గీ, నిప్పురవ్వ పడి ఎవరిదో పట్టుచీరకి చిల్లు పడ్డాక, ఇక చాలనుకుని కరెంటు పెట్టె కొంది. ప్లగ్గు బిగించడానికొచ్చిన తోమాసుకి టీ ఇచ్చి, ఇదెంత తింటుందో లెక్క నేర్పితేగానీ కదలనివ్వలేదు.

“వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు,” అంది రహీమా. “ నా పెట్టె మీద నాలుగొందల యాభై వాట్లని ఉంది. లైనులో రెండొందల ముప్ఫై వోల్టులు. అంటే రెండు ఆంపియర్లు కూడా నిండవు.”

“మరి ఆయన రాడ్డు?”

“పదిహేనొందల వాట్లు. పిడి మీద రాసుంది, వాళ్ళావిడే చూపించింది. ఆరున్నర ఆంపియర్లు! వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే లోపలి తీగ ఎంత అడ్డుపడుతుందో తెలుస్తుంది, ఓములంటారు. నా పెట్టెది నూటపదిహేను పైన. ఆ రాడ్డుది ముప్ఫై అయిదు. అడ్డు తక్కువైతే కరెంటు తోసుకురాదూ?”

కాంతారావు వేళ్ళ మీద కలుపుకున్నాడు. “రెండూ కలిస్తే ఎనిమిదిన్నర.”

“ఫ్యూజు తీగ అయిదుది. కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, అందుకే రాడ్డొక్కటే పెడితే పోదు. నేనూ వేస్తే పోతుంది. నేరం రెండు తిన్నదానిదా, ఆరున్నర తిన్నదానిదా?”

“ఫ్యూజుకి లావు తీగ చుట్టాడటగా ఆయన?”

“చుట్టాడు. పీకి పారేశాను. అప్పుడు కాలేది ఫ్యూజు కాదండీ, గోడలో వైరు. ఇల్లు ఆయనదే. లోపలుండేది మనం కూడానూ.”

“నిజంగానే ఖాళీ చెయ్యమంటే?” కాంతారావు గొంతు తగ్గించాడు. ఈ వీధిలో ఆమెకి ఇంకో గది దొరకదని ఆయనకి తెలుసు. ఆమెకీ తెలుసు.

రహీమా సన్నతీగ ఫ్యూజుకి చుట్టి, గోడకున్న పెట్టెలో గట్టిగా నొక్కింది. బల్బు వెలిగింది.

“బొగ్గు ముట్టుకోను. గదీ వదలను.”

పైన బకెట్ చప్పుడైంది. బల్ల మీద వకీలు గారి నల్లకోటు పరిచి, ఆమె స్విచ్చి మీద వేలు పెట్టింది.

“మీ చొక్కా ఇక్కడ పెట్టి, ఒక్కసారి పైకెళ్ళండి. పదింటికి ఈ కోటు కోర్టులో ఉండాలి, రహీమా పెట్టె వేస్తోందని చెప్పండి. నా పనయ్యేదాకా ఆ రాడ్డు కట్టెయ్యమనండి. కాదంటే చన్నీళ్ళే పోసుకోమనండి.”