దొక్సు అన్న ఏడిస్తే నవ్వారు

ప్యో దొక్సు అంటే ఇప్పుడెవరికీ గుర్తు రాదు. పిండివంటల కొట్టాయన అంటే మాత్రం మా సియోల్‌లో నలభై దాటినవాళ్లు కాస్త ఆలోచించి, "ఆయనా! ఇంకా ఉన్నాడా?" అంటారు. ఉన్నాడు. నాటకశాలల పేట దేహాంగ్నోలో ఒక నూడుల్స్ హోటలు కింద, నేలమాళిగలో మా నాటకశాల ఉండేది. అందులో ఆయన నటించేవాడు, నేను లైట్లు వేసేదాన్ని. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని.

ఆయనది థెబెక్, బొగ్గు గనుల ఊరు. గని కప్పు విరిగిపడి తండ్రి పోయేనాటికి ఐదో తరగతి చదువుతున్నాడు. అలా భర్త పోయిన ఆడవాళ్లకి గనివాళ్లు ఒక పని ఇచ్చేవారు. బొగ్గు మోసే బెల్టు పక్కన నిలబడి బొగ్గులోంచి రాళ్లు ఏరడం. వాళ్లమ్మ అందులో చేరింది. ఆ యంత్రాల రొదకి కొన్నేళ్లలోనే ఆవిడ చెవులు పోయాయి. ఇంట్లో ఉండేది ఇద్దరే. గొంతు చించుకుని అరిస్తే పక్కింటివాళ్లకి వినపడేది గానీ అమ్మకి వినపడేది కాదు. అందుకని కొడుకు ప్రతి మాటనీ పెదాల మీద దిద్దినట్టు పలుకుతూ, కళ్లతోనూ చెబుతూ మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. "నాకు నటన నేర్పింది ఏ గురువూ కాదు, మా అమ్మ చెవుడు," అనేవాడు.

సైన్యంలో తప్పనిసరి కొలువు ముగించుకుని సరాసరి మా నాటక సమాజానికి వచ్చాడు. మా సమాజాన్ని నడిపేది తక్ గారు. నాటకాలు రాసేదీ, ఆడించేదీ ఆయనే. ముప్ఫై ఏళ్లు నిండకముందే దొక్సు అన్న చేత ముసలి రాజుల వేషాలు వేయించాడు. వానాకాలం గోడలు చెమ్మగిల్లేవి, ప్రేక్షకులు మెట్ల మీద దిండ్లు వేసుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లు. అయినా దొక్సు అన్న మాట మొదలుపెడితే ఎవరూ కాలు కదిపేవాళ్లు కాదు.

నాటకంతో కడుపు నిండదు కాబట్టి పగలు ఇళ్లలో గోడ కాగితాలు అతికించే పనికి వెళ్లేవాడు. పిలుపు వస్తే టీవీలో, సినిమాల్లో చిన్న వేషాలు వేసేవాడు. తన్నులు తినే దొంగ, తాగి పడిపోయిన బాటసారి, ఎక్కువగా శవం.

"అన్నా, ఈ వారం ఎన్నిసార్లు చచ్చావు?" అని ఆటపట్టించేదాన్ని.

"రెండుసార్లేనమ్మా ఇన్సుక్. ఒకసారి ఏట్లో, ఒకసారి బురదలో. ఏట్లో చావే నయం, మళ్లీ స్నానం చేసే పనుండదు."

ఆయనకి నలభై ఐదేళ్లు వచ్చాక ఒక సాయంత్రపు సీరియల్లో వేషం దొరికింది. పిండివంటల కొట్టు నడిపే గయ్యాళికి మొగుడు. మొదటి రోజు షూటింగులో భార్య వేషం వేసినావిడ తోస్తే, నేల మీద ఒలికిన పిండికి నిజంగానే కాలు జారి మోకాళ్ల మీద పడ్డాడు. "అయ్యో, నా నడుమో!" అని మూలిగాడు. అది రాసిన మాట కాదు. అక్కడున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. దాన్ని అలాగే ఉంచేశారు. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లైనా ఆయన కూలబడాలి, నడుము పట్టుకోవాలి, ఆ మాట అనాలి.

దేశమంతా ఆ మాటే. బస్సులో డ్రైవర్లు, సంతలో చేపలమ్మే ఆడవాళ్లు, బడిపిల్లలు. థెబెక్‌లో వాళ్లమ్మకి ఇరుగుపొరుగు ముల్లంగి కిమ్చీ పచ్చడి తెచ్చిపెట్టేవాళ్లట. అంతకుముందు కొడుకు టీవీలో రెప్పపాటు కనిపించి మాయమయ్యేవాడు. ఇప్పుడు రోజూ అన్నం వేళకి ఎదురుగా కూర్చున్నట్టే ఉంది ఆవిడకి.

అప్పుడు తక్ గారు ఆ గని నాటకం రాశాడు. దొక్సు అన్న ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న కథ అది. గనిలో ఇద్దరు కొడుకులు పోయిన ముసలివాడు చివర్లో చాప కప్పిన శవాల ముందు కూలబడి ఏడుస్తాడు. ఆ ఏడుపు మాటలన్నీ వాళ్లమ్మవే. తండ్రి శవం పైకి తెచ్చిన రోజు ఆవిడ అన్న మాటలు ఒక్కటీ మర్చిపోకుండా తక్ గారికి చెప్పి రాయించాడు.

"నా మొహం చూడ్డానికి వస్తారు, మా నాన్న సంగతి వినిపోతారు. చాలదా ఇన్సుక్?" అన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

పోస్టరు మీద తక్ గారు పెద్ద అక్షరాలతో "పిండివంటల కొట్టాయన మన రంగస్థలం మీద" అని వేయించాడు. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. మొదటి ఆటలో జనం బాగానే విన్నారు, చివరిదాకా. చివర్లో ఆయన శవాల ముందు కూలబడ్డాడు. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. పక్కవాళ్లు ఆపుకోలేకపోయారు. ఇక ఆ నవ్వు మెట్లు దిగుతూ వేదిక దాకా వచ్చేసింది. నేను పైన లైట్ల దగ్గర ఉన్నాను. ఆయన మెడ మీద నరాలు కనిపిస్తున్నాయి. ఒక్క మాటా మింగకుండా మొత్తం చెప్పాడు.

రెండో ఆటలోనూ అంతే. మూడో ఆటలోనూ అంతే.

"నిలబడి ఏడువయ్యా," అన్నాడు తక్ గారు. "నువ్వు కూలబడితే వాళ్లకి టీవీ గుర్తొస్తోంది. వాళ్ల తప్పు కాదు."

"మా అమ్మ కూలబడింది. నేను నిలబడి ఎలా ఏడ్చేది?"

"అయితే నవ్వుతారు. భరించు."

"పోస్టరు మీద నా పేరెందుకు వేయలేదన్నా?" అని దొక్సు అన్న నెమ్మదిగా అడిగాడు. ఆ పోస్టరు లేకపోతే ఆ నెల నాటకశాలకి తాళం పడేదని అందరికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం ఆటకి వాళ్లమ్మ వచ్చింది. బంగాళాదుంప అట్లు మూటకట్టుకుని, రైల్లో. పెదాలు కనిపించాలని ముందు వరసలో కూర్చోబెట్టాం. ఆ రోజు దొక్సు అన్న ఓడిపోయి, తక్ గారు చెప్పినట్టు నిలబడే ఏడవాలనుకున్నాడు. నిలబడ్డాడు కూడా. తల్లి అన్న మాటలు తల్లి ముఖం చూస్తూ మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పోయింది. అది చూసి ఆయన మోకాళ్లు వాటంతటవే వంగిపోయాయి.

వెనక నుంచి ఒక పెద్దమనిషి, పాపం ఎంతో ప్రేమగానే, "అయ్యో, నా నడుమో!" అని అందించాడు. హాలు హాలంతా గొల్లున నవ్వింది.

ఆవిడకి వినపడలేదు. కానీ మెట్లు అదిరినట్టు అనిపించిందేమో, వెనక్కి తిరిగి చూసింది. ఇన్ని ముఖాలు, అన్నీ నవ్వుతున్నాయి. మళ్లీ కొడుకు వైపు తిరిగింది.

ఆట అయ్యాక వేషం గదిలో ఆవిడ అట్ల మూట విప్పుతూ అడిగింది. "వాళ్లంతా ఎందుకు నవ్వార్రా?"

ఆయన తల్లి ముందు కూర్చుని, ఒక్కొక్క మాటా దిద్దుతూ అన్నాడు. "బాగా చేశానమ్మా. అందుకు."

"అవునా?" అంది ఆవిడ. "అయితే సరేలే. మీ నాన్నకీ నలుగురిని నవ్వించడం ఇష్టమే." ఒక అట్టు తుంచి కొడుకు నోట్లో పెట్టింది.

నాటకం నెలంతా ఆడింది. నెలంతా నవ్వారు. ఆ తర్వాత ఆయన మా వేదిక ఎక్కలేదు. తక్ గారు ఇంటికి వెళ్లి బతిమాలాడు, తిట్టాడు, ఒకసారి ఏడ్చాడు కూడా. "నా ఒంట్లోంచి ఆ కొట్టాయన్ని బయటికి తోసెయ్యి, వస్తాను," అన్నాడట దొక్సు అన్న.

సీరియల్ అయిపోయాక మళ్లీ అలాంటి మొగుడి వేషాలే వచ్చాయి. రెండింటికి కాదన్నాడు. మూడోది రాలేదు. ఒక కుర్ర దర్శకుడు మంచి తండ్రి వేషం ఇచ్చి సినిమా తీశాడు. అది ఏ థియేటరుకీ రాలేదు. చివరికి సంతలో కొత్త కొట్లు తెరిచినప్పుడు మైకు పట్టుకుని ఆ మాటే అనడానికి వెళ్లేవాడు. కొన్నాళ్లకి ఆ మాట కూడా పాతబడింది.

వాళ్లమ్మ పోయినప్పుడు నేనూ వెళ్లాను. కొడుకుగా సంతాపపు నారబట్టలు కట్టుకుని, వచ్చినవాళ్లకి వంగి దండాలు పెడుతున్నాడు. లోపల సోజు తాగుతున్న పాత గనివాళ్లలో ఒక ముసలాయన, "ఒరే దొక్సూ, మీ అమ్మకి ఇష్టంరా, ఒక్కసారి ఆ మాట అను!" అన్నాడు. నేను లేచి అడ్డం వెళ్లబోయాను. ఈలోగానే ఆయన తల్లి ఫోటో ముందు కూలబడ్డాడు. నడుము పట్టుకున్నాడు. అన్నాడు. ముసలివాళ్లు నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు.

మా నాటకశాల అమ్ముడైపోయింది. తక్ గారు మంచంలో ఉన్నాడు. నేను పెళ్లిమంటపాల్లో లైట్లు వేస్తున్నాను.

కిందటి శీతాకాలం ఒక బస్టాపులో దొక్సు అన్న కనిపించాడు. ఒక వైద్య కళాశాలలో రోగి వేషం వేస్తున్నానన్నాడు. పరీక్షలప్పుడు విద్యార్థులు ఒక్కొక్కరే గదిలోకి వచ్చి, మీకు క్యాన్సరండీ అని చెప్పాలి. ఎలా చెబుతున్నారో తలుపు పక్కన కూర్చున్న మాస్టారు చూస్తాడు. రోగిగా ఈయన ఏడవాలి.

"పిల్లలకి నేనెవరో తెలియదు. ఒక్కడూ నవ్వడు తెలుసా," అన్నాడు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడుస్తాను. కొందరు చెయ్యి పట్టుకుంటారు."

"బావుందే అన్నా," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"బావుంది. మొన్న ఒకమ్మాయి చెప్పాల్సిందంతా చక్కగా చెప్పింది. నేను ఏడుస్తూ మా నాన్న సంగతి కూడా మొదలుపెట్టాను. రోగికి అలాంటివి చెప్పుకోవాలని ఉంటుంది కదా మరి. ఈలోగా గంట కొట్టారు. ఆ అమ్మాయి లేచి వెళ్లిపోయింది. మాస్టారు నన్ను పిలిచి, మీకిచ్చిన మాటలు దాటి మాట్లాడొద్దండీ, పిల్లల మార్కులు పోతాయి అన్నాడు."

"మరి?"

"మరేముంది. తర్వాతి పిల్లవాడొచ్చాడు. మళ్లీ మొదటినుంచి ఏడ్చాను."

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఎటో చూస్తూ వెళ్లిపోయాడు.