గుండీల డబ్బాలో బిళ్ళలు

ఆమెకు కత్తెరక్క అని పేరు పెట్టింది ఆమె దర్జీ కొట్టుకు వచ్చే జనమే. చేతిలో కత్తెర ఎంత పదునో నోరు అంతకు రెండింతలు పదును. కొలతలు ఇచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కున్నవాణ్ణి, "గాలి వదలవయ్యా, చొక్కా నీకు కుడుతున్నాను, నీ గొప్పలకు కాదు" అని నలుగురి ముందూ అనేసేది. తిట్లు తిని కూడా జనం ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె కుట్టిన కాలరు మెడ చుట్టూ ముడత లేకుండా కూర్చుంటుంది. ఇక గుండీలు పట్టే కాజాలంటే మిషన్ ముట్టనిచ్చేది కాదు. ఎన్ని చొక్కాలున్నా చేత్తోనే, మాట్లాడుతూనే, గుడ్డ వంక చూడకుండానే కుట్టేసేది.

ఆ చేతికే ముప్పు వచ్చింది. ఒక మధ్యాహ్నం లాయరు గారి తెల్లచొక్కాకు కాజా కుడుతుంటే గుడ్డ మీద ఎర్రటి మరక కనబడింది. ఎక్కడిదా అని చూస్తే సూది తన బొటనవేల్లో దిగబడి ఉంది. ఆమెకు తెలియనే లేదు. చొక్కా పాడైనందుకు కాదు, నొప్పి రానందుకు భయం వేసింది. ఆ భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమెకు ఏదైనా చివరికి కోపమే అవుతుంది.

అంతకుముందు ఏడాది "ఈమధ్య నీరసంగా ఉంటోంది" అని నోరు జారింది. అంతే, ఇంటిల్లిపాదీ వైద్యులైపోయారు. జిమ్ముకు వెళ్ళే మరిది బలం బిళ్ళలు తెచ్చాడు. చెల్లెలు జుట్టుకూ గోళ్ళకూ మంచివని గుళికలు తెచ్చింది. కొన్నాళ్ళకు వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైతే వీధి చివర మందుల షాపాయన, చెయ్యి పట్టుకుని చూసిన పాపాన పోకుండా, నరాల బిళ్ళలు ఇచ్చాడు. తిమ్మిరి పెరిగిందంటే, "అయితే రెండేసి వేసుకోక్కా" అన్నాడు. మనిషికి ఇన్ని రకాలు కలిపి మింగిస్తున్నామే, లోపల ఏం జరుగుతుందో అని ఒక్కరంటే ఒక్కరు అడిగితే ఒట్టు!

అడిగినా తెలిసేది కాదేమో. ఆ కొట్లో ఏ వస్తువూ వచ్చిన పొట్లంలో ఉండదు. గుండీలన్నీ రంగు చూసి, సైజు చూసి అరల డబ్బాలో పోయాల్సిందే. బిళ్ళలకూ అదే మర్యాద జరిగింది. పసుపువి ఒక అరలో, ఎర్రవి ఒక అరలో, తెల్లవి ఇంకో అరలో. ఖాళీ అయిన సీసాలు మూతలు గట్టిగా ఉన్నాయని వాటిలో హుక్కులు, మిషన్ సూదులు, సుద్దముక్కలు పోసి అలమరలో పెట్టింది. పొద్దున్నే డబ్బా మూత తీసి, చొక్కాకు గుండీలు ఏరినట్టు రంగుకొకటి ఏరి మింగేది.

సూది దిగిన మర్నాడు వెళ్ళిన ఆసుపత్రిలో డాక్టరమ్మ షుగరు చూసింది, లేదు. నరాలకు కరెంటు పెట్టి చూసింది, దెబ్బతిన్నాయంది. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే కత్తెరక్క "ఒక్కటీ లేదమ్మా" అంది. అబద్ధం కాదు. ఆమె లెక్కలో మందంటే జబ్బుకు వేసుకునేది. ఇవి బలానికి.

రెండోసారి వెళ్ళినప్పుడు గానీ డాక్టరమ్మకు తట్టలేదు. "మందులు కాకుండా, బలానికని ఏమైనా మింగుతున్నారా?"

పొద్దున్నే మింగడం కుదరక వెంట తెచ్చుకున్న గుండీల డబ్బాను కత్తెరక్క సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమిటివి?"

"పసుపువి మరిది తెచ్చినవి. ఎర్రవి…"

"రంగులు కాదమ్మా, పేర్లు కావాలి. సీసాలేవి?"

సీసాలు! కత్తెరక్క కొట్టుకు పరుగెత్తింది. అలమరలోని సీసాలన్నీ బోర్లించి, హుక్కులూ సూదులూ బల్ల నిండా కుమ్మరించి, ఖాళీ సీసాలు కొంగులో మూటగట్టుకుని తిరిగొచ్చింది. డాక్టరమ్మ ఒక్కొక్క లేబులూ చదివి వేలితో చూపించింది. మూడింటిలోనూ ఒకే సరుకు, విటమిన్ బి6. పేర్లు వేరు, రంగులు వేరు. అన్నీ కలిస్తే ఒంటికి కావలసిన దానికి ఎన్నో రెట్లు. తక్కువైనా నరాలకు చేటే, నెలల తరబడి ఎక్కువైనా చేటే.

"అంటే తిమ్మిరికని మింగిందే తిమ్మిరి తెచ్చిందా?"

"మొదట వేసుకున్నవి తెచ్చి ఉంటాయి. తర్వాతవి పెంచాయి. ఇవాళే ఆపేయండి. స్పర్శ నెమ్మదిగా రావచ్చు. పూర్తిగా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

కత్తెరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ ముక్క మొదటిరోజే ఎందుకడగలేదమ్మా? ఇన్నాళ్ళూ మింగుతూనే ఉన్నానే!" డాక్టరమ్మ తల వంచుకుని ఏదో రాసుకుంది. అది చూస్తే కత్తెరక్కకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం మందుల షాపాయనను వీధి వీధంతా వినేలా కడిగేసింది. మరిది వారం రోజులు కొట్టు ముందు నుంచి వెళ్ళకుండా చుట్టు తిరిగి పోయాడు. అంత తిట్టినా కాజాలు మాత్రం మిషన్‌కు పంపక తప్పలేదు. అవి తిరిగొచ్చినప్పుడల్లా వేలాడే దారం కొసలు కత్తిరిస్తూ తిట్టుకునేది.

కొన్ని నెలలకు చెల్లెలు వచ్చింది, చేతిలో కొత్త సీసాతో.

"ఇది బిళ్ళ కాదక్కా, ఆకులతో చేసిందట. నరాలకు మంచిదట, దోషమే లేదట."

"ఏమేం ఉన్నాయే ఇందులో?"

"నాకేం తెలుసు? మంచిదన్నారు, తెచ్చాను."

"మంచిదన్నారు, తెచ్చాను! ఏముందో తెలియదు, నేనింకేం వేసుకుంటున్నానో అడగవు, ఆ డాక్టరమ్మకు ఒక మాట చెప్పాలని తోచదు. నా చేతులు తీసుకుపోయింది ఈ మంచితనమే కదే! నీకు నా మీద అంత ప్రేముంటే…" అంటూ బల్ల మీద చెయ్యి చరిచింది. చరిచిన చోట ఒక గుండుసూది ఉంది.

"అబ్బా!"

ఇద్దరూ బొటనవేలి వంకే చూస్తూ ఉండిపోయారు. కత్తెరక్క ఆ గుండుసూది తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపింది.

"గుచ్చు."

"నా వల్ల కాదక్కా."

"అన్నీ మింగించావుగా, ఇది మాత్రం వల్ల కాదా? గుచ్చవే!"

చెల్లెలు ఏడుస్తూనే బొటనవేలికి గుచ్చింది.

"ఊఁ."

చూపుడువేలికి గుచ్చింది.

"ఊఁ. తర్వాతది."

మధ్యవేలికి గుచ్చింది. రక్తం చిన్న బొట్టుగా పైకి వచ్చింది. కత్తెరక్క కళ్ళు తెరవలేదు.

"గుచ్చవేమే?" అంది కోపంగా.