రహీమ్ చేతికిచ్చిన బాతు

ముప్ఫై ఏళ్ళు దాటింది ఈ బరువు మోయడం మొదలుపెట్టి. ఎంత బరువో అనుకునేరు. ఒక అడవి బాతు, కిలో కూడా తూగదేమో. ఇంత చిన్నదాన్ని ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పకుండా ఎందుకు దాచుకున్నానో నాకే వింతగా ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివర. ఆస్ట్రేలియాలో మర్రే నది ఒడ్డున ఒక చిన్న ఊరి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. మాది కొల్లేరు పక్క, బాతు కూరంటే చెవి కోసుకునే ఇల్లు. అక్కడ బాతుల వేటకు లైసెన్సు ఇస్తారని తెలియగానే దరఖాస్తు పెట్టాను. పాత అల్యూమినియం పడవ, దానికో చిన్న ఇంజను కొన్నాను. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇల్లు ఇంకొక్కటే ఉండేది. రహీమ్, అతని భార్య ఫాతిమా. గుంటూరు వాళ్ళు. అతను కాలువల ఆఫీసులో ఇంజనీరు. ఆదివారం చర్చి అయ్యాక నేను వాళ్ళింట్లోనే తేలేవాణ్ణి.

అక్కడ హలాల్ మాంసం దొరకదు. మెల్‌బోర్న్ వెళ్ళినప్పుడు తెచ్చుకున్నది అయిపోతే మళ్ళీ పప్పు, చేపలే. ఫాతిమాకు అప్పుడు నాలుగో నెల. ఏం తిన్నా వాంతి. ఒకరోజు "బాతు ఇగురు తినాలనుంది అన్నయ్యా" అంది, సిగ్గుపడుతూ. ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దాంతో రహీమ్ నా పడవెక్కాడు. తుపాకీ నాది, కత్తి అతనిది. ప్రాణం ఉండగానే దేవుడి పేరు చెప్పి తను కోయాలి, చచ్చినది వాళ్ళకు పనికిరాదు. ఈ సంగతి నాకు ముందే విడమరిచి చెప్పాడు.

చట్టం విషయంలో నేను గట్టివాణ్ణి. ఆ గట్టితనం గురించి గొప్పలు కూడా పోయేవాణ్ణి. మేమున్న గట్టు ఒక రాష్ట్రానిది, నదిలో నీళ్ళు అవతలి రాష్ట్రానివి. అందుకని రెండు లైసెన్సులూ తీసుకున్నాను. పడవ దింపే చోట పొలం యజమానిని ముందే అడిగాను. ఇంజను నడుస్తుండగా కాల్చకూడదు. తూటా ఉన్న తుపాకీతో పడవ కదలకూడదు. రహీమ్ ఉక్కపోస్తోందని లైఫ్ జాకెట్ విప్పబోతే కసిరేవాణ్ణి. చిక్కంతా ఆ జాగ్రత్తల దగ్గరే వచ్చింది. బాతు దూరంగా పడేది. నేను తూటాలు తీసి, తుపాకీ పక్కన పెట్టి, ఇంజను తాడు లాగి, మునిగిన చెట్ల మొద్దులు తప్పించుకుంటూ చేరేసరికి దాని ప్రాణం పోయేది. రెండు మూడు శనివారాలు అలాగే అయింది. బాతులన్నీ నావి, ఖాళీ సంచి అతనిది.

ఆ రోజు ఇంజను దగ్గర రహీమ్ కూర్చున్నాడు. నేను ముందుకు వంగి నీళ్ళలోంచి బాతును తీశాను. మెడ వేలాడిపోయింది. అరచేతికి గుండె తగల్లేదు. ప్రాణం ఉన్నదీ లేనిదీ నాకు తెలియకపోవడమేమిటి?

"ప్రాణం ఉందా అన్నా?" అన్నాడు రహీమ్, మొద్దుల మీంచి చూపు తిప్పకుండా.

బాతును కొంచెం కదిపాను. రెక్క ఊగింది.

"ఉంది, ఉంది. తొందరగా కానివ్వు."

ఇంజను ఆపి వచ్చాడు. బిస్మిల్లా అని కోశాడు. రక్తం మెల్లగా వచ్చింది.

"కొట్టుకోలేదేంటన్నా?"

"దెబ్బ గట్టిగా తగిలింది కదా. నీరసించిపోయుంటుంది."

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత నదిలో కత్తి కడుక్కున్నాడు. నమ్మాడు.

ఎందుకు చేశాను? జాలి అనుకున్నాను చాలాకాలం. జాలి ఉంది, కాదనను. కానీ ఆ సాయంత్రం వాళ్ళింట్లో కంచం ముందు పెట్టుకుని, తినడం మానేసి వాళ్ళ మొహాలే ఎందుకు చూస్తూ కూర్చున్నాను? నాలుకకు తేడా తెలుస్తుందా? ఇంత పట్టింపుగా నమ్మేవాళ్ళకు లోపల ఎక్కడైనా ఏదైనా కలుక్కుమంటుందా? ఏం జరుగుతుందో చూడాలన్న దురద అది, జాలి వెనక నక్కి కూర్చుంది. గాజుపలక మీద చుక్క వేసి మైక్రోస్కోపులోకి చూడడం నా ఉద్యోగం, ఆ పూట నన్ను అన్నయ్యా అని పిలిచే మనిషిని అలా చూశాను. ఏమీ కాలేదు. ఫాతిమా మారు వడ్డించుకుంది. చాలా రోజులకు తిన్నది కడుపులో నిలిచింది. నేను సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే బాగుంటుంది గానీ, అప్పుడు సిగ్గు వేయలేదు. ఇంకొంచెం ఇగురు వేయించుకున్నాను.

సిగ్గు తర్వాత వచ్చింది. రహీమ్ కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు, ఆయన క్రైస్తవుడైనా మా తిండి విషయంలో మాకంటే పట్టింపు అని. నేను పక్కనే నిలబడి నవ్వేవాణ్ణి. తెలియక తిన్నవాళ్ళకు పాపం అంటదని తర్వాతెప్పుడో ఒక పెద్దాయన అంటే విన్నాను. విని ఊరటపడాలి కదా? పడలేదు. వాళ్ళకు అంటనిది మరెవరికి అంటుతుంది? చెబితే తగ్గేది నా బాధ, పెరిగేది వాళ్ళ బాధ అని తర్కించుకుంటూ ఏళ్ళు గడిపేశాను. ఆ తర్కం నాకు చాలా అనువుగా ఉండేది. పోయినేడు రహీమ్ చనిపోయాడు.

మొన్న ఫాతిమా ఫోన్ చేసింది. నేనిప్పుడు మెల్‌బోర్న్ శివారు కేరమ్ డౌన్స్‌లో ఉంటున్నాను. మీ దగ్గర కొత్తగా తెరిచిన బిర్యానీ హోటల్లో మాంసం హలాలేనా, మనవరాలి ఫంక్షన్‌కి ఆర్డర్ ఇద్దామనుకుంటున్నాను, కనుక్కుంటారా అంది. వెళ్ళాను. యజమానిని ఒకటికి రెండుసార్లు అడిగాను. వాళ్ళకు మాంసం వేసే కొట్టుకు కూడా వెళ్ళి అడిగాను. హలాలేనమ్మా అని ఫోన్‌లో చెప్పి, ఎవరిని అడిగారు, కళ్ళారా చూశారా అని అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగాలని కోరుకున్నాను.

"మీరు చెప్పారు కదా అన్నయ్యా, చాలు" అని పెట్టేసింది.

ఆమెకు చెప్తానో లేదో నాకు తెలియదు. చెప్తానని మీకు మాటివ్వలేను, నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకూ తెలుసు. నీళ్ళలోంచి తీసేసరికే ఆ బాతు చచ్చిపోయింది. ఈ ఒక్క ముక్క ఇన్నేళ్ళలో పైకి అన్నది లేదు, కాగితం మీద పెట్టింది లేదు. ఇప్పుడు పెట్టాను. ఊపిరి కాస్త అడుగుదాకా వెళుతోంది.