ఒకటో రోజు ఏది?

2022 మార్చి. కృష్ణపట్నానికి దక్షిణాన, సముద్రం ఒడ్డునే ఉన్న ఒక పాలెంలో సబ్‌సెంటర్. నేను అక్కడ ఏఎన్‌ఎంని. టీకాలు వేయడం, గర్భిణులను చూడడం, కుటుంబ నియంత్రణ సలహాలు చెప్పడం మా పని. అప్పటికి పందొమ్మిదేళ్ల సర్వీసు నాది. నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. అదే నా రోగం.

అంకమ్మకు ఇరవై మూడేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు, రెండూ సిజేరియన్ కాన్పులే. చిన్నదానికి అప్పుడు పది నెలలు. గర్భసంచి కోత పడిన చోట బాగా పలచబడిందనీ, రెండేళ్లలోపు మళ్లీ కడుపు వస్తే అది చీలి ప్రాణం మీదికి రావచ్చనీ డాక్టరమ్మ ఇంటిల్లిపాదికీ చెప్పి పంపింది. అందరూ తలలూపారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మాట వచ్చేసరికి మాత్రం అత్త, మగబిడ్డ లేకుండా ఆపరేషనేందని లేచి బయటికి వెళ్లిపోయిందట.

గర్భసంచిలో అమర్చే కాపర్-టి గుండెల్లోకి ఎక్కుతుందని ఆ అత్త భయం. గుండెకూ గర్భసంచికీ దారే లేదని బొమ్మ గీసి చూపించినా ఆమె నమ్మలేదు. మాత్రలు మింగితే పాలు ఎండిపోతాయని పక్కింటావిడ చెప్పింది. నిరోధ్ పెట్టె మా సబ్‌సెంటర్ గుమ్మంలోనే ఉంటుంది, ఊరికే తీసుకుపోవచ్చు. మొగుడు శీనయ్య దాని పక్కనుంచి నడవడానికే సిగ్గుపడేవాడు. నడిసముద్రంలో గాలివానకు బెదరని మనిషి అట్టపెట్టెకు బెదిరాడు. ప్రాణం అంకమ్మది, అభ్యంతరాలు మాత్రం ఊరందరివీ. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

"మందూ మాకూ లేకుండా దారేదన్నా ఉంటే చెప్పక్కా. ఏప్రిల్లో వేట నిలిపేస్తారు. రెండు నెల్లు మనిషి ఇంట్లోనే ఉంటాడు" అని అంకమ్మ అడిగింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఏటా ఆ రెండు నెలలూ పడవలను ఒడ్డునే కట్టేయిస్తుంది. చేపల కాన్పుల మీద ఉన్న పట్టింపు అంకమ్మ కాన్పు మీద ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

స్టాండర్డ్ డేస్ మెథడ్ అని ఒకటుంది. నెల సక్రమంగా వచ్చేవాళ్లు ఒకటో రోజు నుంచి లెక్కపెట్టుకుని, ఎనిమిదో రోజు మొదలు పందొమ్మిదో రోజు దాకా భర్తకు దూరంగా ఉండాలి. అంకమ్మకు అదే చెప్పాను. ఎంత పట్టుగా పాటించినా ఏడాదిలో నూటికి అయిదుగురికి, మామూలుగా పాటిస్తే పన్నెండు మందికి కడుపు వస్తుందని మాకు శిక్షణలో చెప్పారు. ఆ లెక్క ఆమెకు చెప్పలేదు. చెబితే భయపడి ఇది కూడా మానేస్తుందేమోనని మింగేశాను. నిజానికి ఆమెలాంటి మనిషికి ఆ పద్ధతి చాలదు. కాపర్-టి కోసం అత్తతో ఇంకోసారి పోట్లాడాల్సింది. ఓపిక లేక తేలిక దారి చూపించి పంపాను.

జూన్ మూడో వారంలో అంకమ్మ వాంతులతో వచ్చింది. పరీక్ష చేస్తే రెండు గీతలు. నాకు తిక్క రేగింది. రెండు నెలలు ఓర్చుకోలేకపోయినారా అని టీకాలకు వచ్చిన వాళ్లందరి ముందూ కడిగేశాను. ఆమె వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు గోడ క్యాలెండర్ చుట్టి పట్టుకొచ్చి నా బల్ల మీద పరిచింది. ఏప్రిల్, మే రెండు నెలల్లోనూ తన లెక్కలో ఎనిమిదో రోజు నుంచి పందొమ్మిదో రోజు దాకా ప్రతి గడికీ సున్నా చుట్టింది. ఆ రోజులన్నీ శీనయ్య వలలు పెట్టే పాకలో పడుకున్నాడట. పెళ్లాం తరిమిందని తోటివాళ్లు ఎగతాళి చేస్తే పడ్డాడట. ఈ ఇద్దరినేనా నేను నిన్న నానా మాటలూ అన్నది అనిపించింది.

మే నెలలో ఆమె ఒకటి అని రాసుకున్న గడి మీద వేలు పెట్టి, ఆ రోజు ఏం జరిగిందని అడిగాను.

"తలకి నీళ్లు పోసుకున్నానక్కా."

"మరి ముట్టయింది ఎప్పుడు?"

"అంతకు నాలుగు రోజుల ముందర. బయట కూర్చున్న రోజుల్ని ఎవురన్నా లెక్కేస్తారా? ఇంట్లోకొచ్చిందే గదా ఒకటో రోజు."

ఆ పాలెంలో ముట్టయిన ఆడమనిషి పొయ్యి తాకదు, చాప తీసుకుని వసారాలో కూర్చుంటుంది. అయిదో రోజు తలంటు పోసుకుని లోపలికి వస్తుంది. అప్పటిదాకా ఆమె ఇంటి లెక్కలోనే లేదు. నేను చెప్పిన ఒకటో రోజు రక్తం కనబడిన రోజు. ఆమె విన్న ఒకటో రోజు తలంటు పోసుకున్న రోజు. ఆమె లెక్కలో ఏడో రోజు అసలు పదకొండో రోజు. ఏ ప్రమాదమూ లేదనుకుని మొగుణ్ని ఇంట్లోకి పిలిచిన ఆ వారంలో చివరి నాలుగు రోజులూ దూరంగా ఉండాల్సినవే. పెళ్లయ్యేదాకా మా అమ్మ ఇంట్లో నేనూ అలా వసారాలో కూర్చున్నదాన్నే. అయినా ఏ రోజు నుంచి లెక్కపెడతావని అడగాలని నాకు తట్టలేదు. ఆ క్యాలెండర్ ముందు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

దేవుడిచ్చినాడు, ఈసారి మగబిడ్డేమో, ఉంచుకోమని అత్త పట్టుబట్టింది. అంకమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాకు బతకాలని ఉండాదక్కా. నా బిడ్డలకి నేను కావాలి."

నేనే వెంటబెట్టుకుని టౌనుకు తీసుకెళ్లాను. ఆసుపత్రిలో కౌంటర్ దగ్గరి మనిషి తల ఎత్తకుండా భర్త సంతకం కావాలన్నాడు. పద్ధతి విఫలమై కడుపు వస్తే తీయించుకోవచ్చని చట్టంలోనే ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడదానికి ఆమె సంతకం ఒక్కటే చాలు. ఇరవై మంది చూస్తుండగా అతని మీద అరిచాను. అందులో సగం నా మీద నాకున్న కోపమే. శీనయ్య మా వెనకాలే నిలబడి ఉన్నాడు. "నాది గూడా కావాలంటే పెడతాను సార్. ఆమె ఉంటే చాలు" అన్నాడు. అంకమ్మ సంతకం మీదే డాక్టరమ్మ ఆ పని చేసి, అప్పుడే కాపర్-టి కూడా వేసింది. అత్తను ఎవరూ అడగలేదు.

నెలాఖరు రిపోర్టులో ఈ కేసును యూజర్ ఫెయిల్యూర్ కింద, అంటే వాడినవాళ్ల పొరపాటు కింద రాయమని మా సూపర్‌వైజర్ అన్నారు. చదువు లేనివాళ్లతో ఇంతేనన్నారు. ఆమె ఒక్క రోజు కూడా తప్పలేదనీ, తప్పింది నేననీ చెప్పాను. చెప్పినవాళ్ల పొరపాటుకు ఆ ఫారంలో గడి లేదు. అంచున ఖాళీలో నా పేరు రాసి ఇచ్చాను. ఆయన చిరాకుపడ్డారు. పడనీ.

ఇప్పుడు ఈ పద్ధతి అడిగిన వాళ్లకు నూటికి ఎందరికి తప్పుతుందో ముందే చెబుతాను. ఆ తర్వాత నీ ఒకటో రోజు ఏదమ్మా అని అడుగుతాను. చాలామంది తలంటు పోసుకున్న రోజే చెబుతారు. అలా విన్నప్పుడల్లా, అంకమ్మకు ముందు నేను అడగకుండా పంపేసిన ఆడవాళ్లు గుర్తుకొస్తారు. వాళ్లెవరూ క్యాలెండర్ పట్టుకుని నా దగ్గరికి రాలేదు. వాళ్లకేమైందో నాకు తెలియదు.