సీడీలో చోటు

ఆ రోజుల్లో తిరుపతిలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం అక్కడ నరపురుగు కూడా ఉండేది కాదు. తాళంచెవి నా దగ్గరే ఉండేది కాబట్టి వెళ్ళి కూర్చునేదాన్ని. అద్దె గదిలో ఒంటరిగా ఉండడం కన్నా అక్కడ ఒంటరిగా ఉండడమే మేలు. కనీసం ఫ్యాను బాగా తిరిగేది.

అప్పుడు నేను పెట్టుకున్న పని ఒక సీడీ తయారుచేయడం. విండోస్‌లా కంప్యూటరును నడిపించే, ఉచితంగా దొరికే లినక్స్‌ను పల్లె బడులకు పనికొచ్చేలా ఒక్క సీడీలో సర్దాలి. ఆ బడుల్లో ఇంటర్నెట్ లేదు, సీడీలో లేనిది ఇక లేనట్టే. ఏది ఉండాలి, ఏది పోవాలి అని తేల్చుకోవడమే అసలు తలనొప్పి. ఒక ప్రోగ్రామును పెడితే అది తనకు కావలసిన మరికొన్నిటిని వెంటేసుకొచ్చేది, ఒక్కరిని పిలిస్తే బండెడు చుట్టాలు దిగినట్టు. వాళ్ళందరికీ చోటు చూడాలి.

అందులో తెలుగు నాది. మెనూలు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నలు, సహాయం పేజీలు అన్నీ నేనే తెలుగు చేశాను. ఒక్కో మాట కోసం రోజంతా తల బద్దలుకొట్టుకునేదాన్ని. దొరికాక, బాగుందా అని అడగడానికి మనిషి లేడు. ఊరి నుంచి నాయన ఫోన్ చేసి, "ఏం చేస్తాండావు మా?" అన్నాడు. సీడీ చేస్తాండానన్నాను. "ఏం పాటలు?" అన్నాడు.

ఫాంట్లతో, టైపు చేసే ప్రోగ్రాముతో కలిపి తెలుగంతా ఎక్కించేసరికి సీడీ నిండిపోయింది. ఆటలు తీసేశాను. బడిలో ఆటలెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, నాకు కావలసింది ఒక్కటే. నేను రాసిన తెలుగును ఎవరో ఒకరు చదవాలి.

సత్యవేడు దగ్గర ఒక బడికి ఎవరో పాత కంప్యూటర్లు ఇచ్చారని తెలిసి బస్సెక్కాను. అక్కడి హెడ్మాస్టరు పెద్దాయన, మర్యాదస్తుడు. నాకు కాఫీ తెప్పించి, నేనిచ్చిన సీడీ పెట్టి తనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మొదటి తెర మీద భాషల వరుస వచ్చింది. అన్నిటికన్నా పైన తెలుగే పెట్టాను. ఆయన తెలుగును దాటుకుని కిందికి పోయి ఇంగ్లీషు మీద నొక్కాడు.

"పైన తెలుగుండాది గదా సార్" అన్నాను.

"చూసినా మా. తెలుగులో అడిగితే ఏం నొక్కితే ఏమవతాదో అని బయం. ఇంగ్లీషయితే నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కుకుంటా పోవచ్చు" అన్నాడాయన.

కోపం రాలేదంటే అబద్ధం. బడిలో ఆయన చెప్పేది తెలుగు పాఠమే మరి.

అన్ని కంప్యూటర్లూ అలాగే ఇంగ్లీషులో తయారయ్యాయి. పిల్లలను లోపలికి పంపారు. ఒక పాప మౌసును అటూ ఇటూ తిప్పి, "ఆటలు యాడుండాయి మేడమ్?" అనడిగింది. తెలుగుతోనే సీడీ నిండిపోయింది, ఆటలకు చోటు లేదన్నాను. కాసేపటికి ఒక్కొక్కరే మైదానంలోకి జారుకున్నారు.

హెడ్మాస్టరు వాళ్ళ వంకే చూస్తూ, "ఆ తెలుగు తీసేస్తే ఆటలకు చోటొస్తాదా మా?" అన్నాడు.

"వస్తాది సార్."

"అయితే తీసెయ్ మా. పిలకాయలు ముందు మిషను కాడికి రావాల గదా."

ఆ తెలుగు రాసింది నేనేనని ఆయనకు తెలియదు. చెప్పి ఉంటే పాపం మొహమాటపడి మొత్తం చదివేవాడు. మొహమాటపు చదువు నాకెందుకు? చల్లారిన కాఫీ తాగేసి లేచాను.

తర్వాతి ఆదివారం కేంద్రంలో కూర్చుని తెలుగు తీసేశాను. అన్ని నెలల పని పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆటలన్నీ పెట్టాక కూడా చోటు మిగిలింది.

ఆ కొత్త సీడీ ఒక బడి నుంచి ఇంకో బడికి బాగానే తిరిగింది. ఒకరోజు హెడ్మాస్టరు పనిగట్టుకుని కేంద్రానికి ఫోన్ చేశాడు. "నీ సీడీ శానా బాగుండాది మా. పిలకాయలు లెయ్యమన్నా లెయ్యడంల్యా" అన్నాడు.

ఎవరైనా అంటారని అన్నాళ్ళూ కాచుకున్న మాట అది. థాంక్స్ సార్ అన్నాను. ఆ సీడీలో నేను రాసిన మాట ఒక్కటీ లేదు.