పోగులు తీసిన అచ్చు

నా చిన్నప్పుడు మా ఇంట్లోంచి ఏ వస్తువూ బయటికి పోయేది కాదు. సూరత్‌లోని లింబాయత్‌లో మాది ఒకే గది ఇల్లు. ఆ గదిలో ఒక మూల గ్యాస్ పొయ్యి, ఎదురు మూల దేవుడి పటాలు, మిగిలిన చోటంతా మేమూ మా సామానూ. నూలు అయిపోయిన ఖాళీ కోన్లు, చీరల అంచుల్లోంచి కత్తిరించిన పీలికల మూటలు, మిఠాయి డబ్బాలు, మూతల్లేని సీసాలు, సీసాల్లేని మూతలు. "ఎప్పటికన్న పనికొస్తది" అనేది అమ్మ. ఆ 'ఎప్పటికన్న' నా కళ్ళముందు ఒక్కసారీ రాలేదు.

మేము తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ళం. మా నాన్నను మేము బాపు అనేవాళ్ళం. ఆయన కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు మెరిసే స్టోన్లు అతికించేది. మా తాతయ్య మాత్రం ఎన్నడూ మరమగ్గం ముట్టలేదు. ఊళ్ళో చేతిమగ్గం నేసి నేసి, అది కూడు పెట్టడం మానేశాక కొడుకు వెనకాల రైలెక్కి వచ్చినవాడు. రెండు కళ్ళకూ శుక్లాలు తీయించినా చూపు మసకే. గుమ్మం పక్కన గోనెపట్టా పరుచుకుని, గల్లీలో పోయే షేర్ ఆటోల చప్పుడు వింటూ పొద్దు పుచ్చేవాడు. పాలిస్టర్ అంటే ఆయనకు గిట్టదు. "గిదేం గుడ్డ, చెమట వీల్చది, నీళ్ళు వీల్చది" అని బాపు తెచ్చిన తువ్వాలను తిప్పి తిప్పి తడిమి పక్కన పడేసేవాడు. "నా చేతితోని ఒక్క తువ్వాల నేసుకుంట. దాంతోనే మొఖం తుడుసుకోని పోత" అనేవాడు.

అందుకోసం ఆయన దాచుకున్నది ఒక్కటే వస్తువు. అటక మీద, అన్నిటికంటే వెనక, మా నానమ్మ పాత చీర ముక్కలో చుట్టిన అచ్చు. అచ్చంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. మగ్గం మీద పడుగు పోగులు చిక్కుపడకుండా వరసగా నిలబెట్టే చట్రం అది. చూడడానికి రెండు వైపులా మూసిన పొడవాటి దువ్వెనలా ఉంటుంది. పంటికీ పంటికీ నడుమ సందులోంచి పోగులు పోతాయి. నేత అయిపోయాక గుడ్డను కోసుకుంటారు గానీ, పోగుల కొసలను జానెడు పొడవున అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ పాత కొసలకు కొత్త పోగులను మెలిపెట్టి అతుకుతారు. కొసలు పోయాయంటే మాత్రం ప్రతి పోగునూ సందులోంచి మళ్ళీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. దానికి చురుకైన చూపు కావాలి. మెలిపెట్టడం తాతయ్య వేళ్ళకు చూడకుండానే వచ్చు. ఎక్కించడం ఇక ఆయన వల్ల కాదు.

ఊళ్ళో ఆయన తమ్ముడింట్లో మగ్గం ఇంకా విప్పలేదట. అచ్చులో ఆ కొసలు ఉన్నంతకాలం తాతయ్య ఏ రోజైనా రైలెక్కి వెళ్ళి తన తువ్వాల నేసుకోవచ్చు. ఏటా దివాళీకి ఇల్లు దులిపేటప్పుడు ఆ మూట కిందికి దింపించుకుని, విప్పి, కొసలను వేళ్ళతో తడిమి, దుమ్ము ఊది, మళ్ళీ చుట్టి ఇచ్చేవాడు. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పెద్ద బడికి మారాను. అక్కడ ఒక తెలుగు పిల్ల నాకు స్నేహితురాలైంది. వాళ్ళ నాన్నది రైల్వేలో ఉద్యోగం, కోస్తా వైపు వాళ్ళు. ఒకసారి వాళ్ళ క్వార్టర్‌కు తీసుకెళ్ళింది. అద్దాల అల్మారాలో బొమ్మలు, కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద దాని పుస్తకాలు, పుస్తకాల పక్కన ఇంకా ఖాళీ చోటు. ఆ బొమ్మల మీద నాకు ఆశ పుట్టలేదు. ఆ ఖాళీ చోటు మీద పుట్టింది. నా పుస్తకాలు బియ్యం డబ్బా మీద ఉండేవి. బియ్యం తీసిన ప్రతిసారీ అమ్మ వాటిని నేల మీద పెట్టేది, అవి ఏ మూట కిందికో పోయేవి. "అటక మీద సగం చెత్తే, తీసేసి నాకు జాగ ఇయ్యరాదు" అని ఆ రోజుల్లో ఇంట్లో దినదినం పోరుపెట్టేదాన్ని. తాతయ్య వింటూ ఉండేవాడు.

మా గల్లీలో దివాళీ సఫాయి అంటే ఇంటిని బోర్లించి దులిపినట్టే. మరాఠీవాళ్ళు, గుజరాతీవాళ్ళు, మేము, అందరం గదుల్లో ఉన్నదంతా తెచ్చి గల్లీలో పోసేవాళ్ళం. ఎవరింట్లో ఎన్ని చిల్లుల గిన్నెలున్నాయో ఆ రోజు ఊరందరికీ తెలిసిపోయేది. గుమ్మం పక్కన, ఇనుమూ డబ్బాలూ కొనే భంగార్‌వాడికి ఇచ్చే పాత సామాను ఒక కుప్ప. ఆ ఏడు మా సఫాయి రోజున, అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని అటక దులుపుతూ ఉండగా, గల్లీ మొదట్లో నా స్నేహితురాలు కనిపించింది. పక్కన వాళ్ళమ్మ, ఆమె చేతిలో చీర. మా అమ్మ స్టోన్లు బాగా అతికిస్తుందని బడిలో గొప్పలు పోయింది నేనే.

నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. దాక్కుందామంటే ఇల్లంతా బయటే ఉంది. అమ్మ గబగబా చేతులు తుడుచుకుని, పీలికల మూట మీద ఉతికిన దుప్పటి పరిచి "కూసోండ్రి" అంది. స్నేహితురాలి తల్లి ముఖం చిట్లించకుండా కూర్చుంది. "మేమే చెప్పకుండా వచ్చేశాం లెండి, పండగ పనుల్లో ఉన్నారు" అంది. మంచి మనిషి. ఆమె మంచితనం కూడా ఆ రోజు నాకు అవమానంగానే తోచింది.

తాతయ్య అప్పటికే తన మూట విప్పుకుని, అచ్చును పక్కన పెట్టి చీర ముక్క దులుపుతున్నాడు. నా స్నేహితురాలు సామాను మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి దాన్ని అందుకుంది. పాత పోగుల కొసలు దాని గాజులకు చుట్టుకున్నాయి.

"అయ్యో, ఏంటే ఇది? దువ్వెనా? వెంట్రుకలు కూడా తీయకుండా దాచారేంటి?" అంది.

అది చెడ్డ పిల్ల కాదు. ఆ చట్రాన్ని చూసి ఎవరైనా అదే అనుకుంటారు. కానీ పక్కింటివాళ్ళు నవ్వారు. దాని చేతిలోంచి అచ్చును లాక్కుని, మా ఇంట్లో ఎవరం మాట్లాడని దాని యాసలో, "అది మాది కాదులే. ఎవరిదో. చెత్తలో వేసేదే" అన్నాను. అని ఊరుకోలేదు, తీసుకెళ్ళి భంగార్ కుప్ప మీద పడేశాను. నాలుగడుగుల దూరంలో తాతయ్య తల తిప్పలేదు. దులుపుతున్న చీర ముక్కను మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. అమ్మ నావైపు ఒక చూపు చూసింది.

వాళ్ళు వెళ్ళాక తాతయ్య గోడ పట్టుకుని లేచి, కుప్ప దగ్గరికి వెళ్ళి, తడిమి తడిమి అచ్చును వెతికి తెచ్చుకున్నాడు. నాకు గుండె కుదుటపడింది. ఎప్పటిలా చుట్టి అటక మీదికి ఇస్తాడనుకున్నాను.

"బిడ్డా, అమ్మ కత్తెర జర ఇటియ్యి" అన్నాడు.

నా చేత్తోనే తెచ్చి ఇచ్చాను. పోగులు జారిపోకుండా కుచ్చులు కుచ్చులుగా వేసిన ముడులను ఆయన ఒక్కొక్కటే కత్తిరించాడు. కత్తిరించి, కొసలను మెల్లగా సందుల్లోంచి లాగడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్రు మామా? గిన్నేండ్లు దాసుకున్నరు గద" అని అమ్మ అటక మీంచి ఆత్రంగా దిగింది.

"కానియ్యి బిడ్డ. జర జాగ అయితది."

వద్దు తాతా అని ఒక్క మాట అంటే ఆగేవాడేమో. సగం పోగులు ఇంకా అచ్చులోనే ఉన్నాయి. ఆ మాట గొంతు దాకా వచ్చింది, దాని వెనకే సిగ్గు వచ్చింది. చేసింది ఒప్పుకోవాల్సి వస్తుందని భయపడి, అక్కడే నిలబడి, చివరి పోగు వచ్చేదాకా చూశాను. తాతయ్య ఆ పోగులన్నిటినీ వేలికి చుట్టి నడుం దగ్గర దోపుకున్నాడు. బోసిపోయిన అచ్చును తనే తీసుకెళ్ళి కుప్ప మీద పెట్టాడు.

మధ్యాహ్నం భంగార్‌వాడు వచ్చి డబ్బాలూ చిల్లుల గిన్నెలూ తీసుకున్నాడు. అచ్చును మాత్రం ఇటూ అటూ తిప్పి చూసి, "యే లకడీ హై చాచా, నహీ చలేగా" అని గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. కొయ్య అతనికి అక్కర్లేదు. సాయంత్రం తలనిండా నూలు దుమ్ముతో బాపు కార్ఖానా నుంచి వచ్చేసరికి అది అక్కడే ఉంది. బాపు చెప్పులు విప్పడం మరిచిపోయి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"పోగులు ఎవలు తీసిండ్రు?"

అమ్మ నన్ను చూసింది. నేను నేలను చూశాను.

"నేనే తీసిన" అన్నాడు తాతయ్య. "దుమ్ము వట్టింది. నేనింక ఎన్నడు నేస్తనని?"

"ఒక్క మాట చెప్తే నేను దీన్ని కార్ఖాన్ల వెట్టకపోదునా?" అన్నాడు బాపు.

"పోరి పుస్తకాలకు జాగ కావాలె గద."

బాపు నేతగాడు. అచ్చులోంచి పోగులు తీయడం అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గడప మీద కూర్చుని, బొటనవేలిని ఆ పళ్ళ మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోనిచ్చాడు. ఆ పూట అన్నం సగంలోనే వదిలి లేచాడు. తాతయ్య మాత్రం చారు బాగుందని రెండోసారి పోయించుకున్నాడు. నా తప్పును ఆయన అంత సులువుగా తన మీద వేసుకున్నాడు, నేను అంత సులువుగా వేసుకోనిచ్చాను.

దివాళీ సెలవుల్లో బాపు అటక కింద ఒక చెక్క కొట్టి నాకు పుస్తకాల గూడు చేశాడు. పుస్తకాలు జారిపడకుండా ముందు ఒక తాడు కట్టాలి. తాతయ్య నడుం దగ్గరి నుంచి ఆ పోగులు తీసి, తొడ మీద పేని, సన్నని తాడు చేసి ఇచ్చాడు. ఎన్నాళ్ళుగానో అడిగిన జాగ నాకు దొరికింది. పదో తరగతి దాకా పుస్తకం తీసిన ప్రతిసారీ ఆ తాడు నా చేతికి తగులుతూనే ఉంది.

ఒకనాడు ఉండబట్టలేక, అమ్మ దగ్గరి దారపుండ తెచ్చుకుని, బాపు పారేయనివ్వని ఆ అచ్చును ముందేసుకుని పోగులు ఎక్కించబోయాను. కాసేపటికి కళ్ళు నీళ్ళు కారాయి. తాతయ్య వచ్చి పక్కన కూర్చుని వేలితో తడిమి, "ఇగో, ఈడ సందు ఇడిసినవ్" అని నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా తల మీద చెయ్యేసి, "ఇల్లు ఇరుకున్నప్పుడు ఎవలకైనా గట్లనే అనిపిస్తది బిడ్డ. నాకు సుత అనిపించింది సూరత్ వచ్చిన కొత్తల. ఇప్పుడు గదంత మర్సిపో" అన్నాడు. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో.

ఆ తర్వాత ఆయన ఊరికి పోతానని ఎన్నడూ అనలేదు. తువ్వాల మాట ఎత్తలేదు. పోయే రోజు దాకా ఆ పాలిస్టర్ తువ్వాలతోనే మొఖం తుడుచుకున్నాడు.

ఇప్పుడు నేను సూరత్‌లోనే, భేస్తాన్‌లో, రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది, తన స్టోన్ల డబ్బాలతో సహా. దివాళీకి ఇల్లు సర్దేటప్పుడు ప్రతి డబ్బానూ ఆమె ముందుకు తీసుకెళ్ళి అడుగుతాను. వద్దంటే తీస్తాను, ఉండనియ్యి అంటే తుడిచి అక్కడే పెడతాను. మా ఇల్లు ఇంకా ఇరుకే. ముందు గది గోడకు ఆ అచ్చు ఉంది. అదేమిటో నా కూతురికి చెప్పాను. పోగులు ఎందుకు లేవో మాత్రం ఇంతవరకు చెప్పలేకపోయాను.

మొన్న సఫాయిలో ఆ పిల్ల దాన్ని తుడుస్తుంటే, పై అంతస్తు నుంచి దాని స్నేహితురాలు వచ్చింది. "ఇదేంటి? దువ్వెనా?" అంది. నేను వంటగది గుమ్మంలో చీపురు పట్టుకుని ఆగిపోయాను. నా కూతురు తల కూడా ఎత్తలేదు.

"అచ్చు. మా అమ్మ వాళ్ళ తాతది" అంది. తుడిచిన గుడ్డ దులిపి, "మాదే" అంది.

ఆ మాట అనడానికి దానికి ఆలోచించాల్సిన పని కూడా పడలేదు. నేను మాత్రం అక్కడ నిలబడలేక, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడగడానికి లోపలికి వెళ్ళిపోయాను.