పార్కులో నేనే ప్రజలు

ఇప్పుడు ఎవడి జేబులో వాడికి ఒక సభ ఉంది. ఫోను మొహానికెదురుగా పెట్టుకుని, టీ తాగుతూ తాగుతూనే లోకానికి బుద్ధి చెప్పేస్తున్నాడు. ఆ రోజుల్లో అలా కాదు. ఉపన్యాసం ఇవ్వాలంటే ముందు ఎక్కడానికి ఏదో ఒక ఎత్తు కావాలి, ఆ తర్వాత వినడానికి నలుగురు కావాలి. నూజివీడులో మా వాళ్లకి ఆ ఎత్తు మోసుకొచ్చిందీ నేనే, ఆ నలుగురూ నేనే. (ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.)

మా వాళ్లంటే ప్లీడరుగారబ్బాయి, ఇంకొకడు మేం కళ్లజోడు అని పిలిచేవాడు. ఇద్దరూ కాలేజీ. నేను ఐదో తరగతితో బడి మానేసి, మామిడికాయల కమిషన్ కొట్టులో వేలంపాటకి కేకలు వేసేవాణ్ణి. మిగతా చదువంతా లైబ్రరీ బల్ల దగ్గర, ఎవరూ చెప్పకుండా, నా అంతట నేనే. ప్లీడరుగారబ్బాయి వాళ్లన్నయ్య లండన్లో చదువుతూ సెలవులకొచ్చి, అక్కడొక పార్కులో ఎవరైనా పెట్టె ఎక్కి మాట్లాడొచ్చనీ, తన స్నేహితులు దంచేస్తుంటే తాను కింద నిలబడి చూస్తుంటాననీ చెప్పాడు. ఇంకేం! ఆదివారం సాయంత్రాలు మా మునిసిపల్ పార్కు లండనైపోయింది. పెట్టె మా కొట్టుది, మోత నాది. "మరి వినేదెవరు?" అన్నాను. "నువ్వున్నావు కదరా! నువ్వే ప్రజలు," అన్నాడు ప్లీడరుగారబ్బాయి, పదవేదో ఇచ్చినట్టు.

ప్రజలుగా ఉండటం తేలికనుకునేరు. కళ్లజోడు "సోదర సోదరీమణులారా" అంటే సోదరీమణుల తరఫున కూడా నేనే తలూపాలి. చప్పట్లు చాలకపోతే "ప్రజల్లో చైతన్యం చచ్చిందిరా" అని నన్నే తిట్టేవాళ్లు. వేసవి వచ్చేసరికి నాకు రోషం వచ్చింది.

"నాకూ ఒకసారి పెట్టె ఇవ్వండిరా."

"నువ్వా? ఏం మాట్లాడతావ్, బంగినపల్లి గురించా?" అన్నాడు కళ్లజోడు.

"చదువు గురించి."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. తడబడకుండా ముగిస్తే ఇకమీదట నేనూ వక్తనే. తడబడితే మాత్రం మళ్లీ నోరెత్తకుండా ప్రజలుగా పడుండాలి. అదీ ఒప్పందం. ఆ వారమంతా తోటల్లో చెట్లకి ఉపన్యాసం చెప్పాను. (చెట్లు మా వాళ్లకంటే మర్యాదగా విన్నాయి.)

ఆదివారం పెట్టె ఎక్కి, "చదువు అందరి సొత్తు!" అన్నాను. నాకున్న పెద్ద గొంతు ఒక్కటే, వేలంపాట గొంతు. రోడ్డు మీద వెళ్తున్న బేరగాళ్లు టక్కున ఆగారు. "కొట్టు పార్కులోకి మార్చారా ఏంటి?" అంటూ తువ్వాళ్లు భుజాన సర్దుకుని లోపలికొచ్చేశారు. అన్ని మొహాలు ఒక్కసారి చూసేసరికి నా రెండో వాక్యం ఎగిరిపోయింది. అంతా నిశ్శబ్దం. నిశ్శబ్దంలో అనడానికి మా వృత్తిలో ఉన్నది ఒక్కటే మాట. నేను ఆపేలోపే నోరు అనేసింది.

"ఒకటోసారి!"

"సరుకేంటి అబ్బాయ్?" అన్నాడు చాట్రాయి నుంచొచ్చిన భారీ మనిషి.

"చదువంట!" అన్నారెవరో వెనకనుంచి.

"ఏ తోటదో! ముందు కాయ చూపించమను."

"పెట్టెలో ఉందేమో, దిగవయ్యా," అంటూ ఆ భారీ మనిషి నన్ను చంకల కింద పట్టుకుని పసిపిల్లాణ్ణి దించినట్టు దించి, పెట్టె తిరగేశాడు. గుప్పెడు గడ్డి రాలింది. పార్కు పార్కంతా గొల్లుమంది. అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా? "రెండోసారి," అన్నాను.

నేల చీలితే దూరిపోదామనిపించింది. కానీ అసలు సిగ్గు ఆ తర్వాతది. మా వాళ్లిద్దరూ నవ్వడం లేదు. జనం వంక ఆశగా చూస్తున్నారు. "ఒరేయ్, నీ గొంతుకి ఇంతమంది వస్తారని ఎందుకు చెప్పలేదురా? ఇకనుంచి ముందు నువ్వు అరిచి జనాన్ని పోగెయ్యి. తర్వాత దిగిపో, మేం మాట్లాడతాం," అన్నాడు ప్లీడరుగారబ్బాయి. ఎంత పొగరు! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే, పై ఆదివారం పెట్టె నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు వెళ్లాను. వెళ్లి అరిచాను. దిగిపోయాను. చప్పట్లు కూడా కొట్టాను.

ఎగిరిపోయిన రెండో వాక్యం నేను పెట్టె ఎక్కిన ఆదివారమే, ఇంటికెళ్లే దారిలో గుర్తొచ్చింది. ఆ తర్వాత మరెప్పుడూ మర్చిపోలేదు. మొన్న పొద్దున్న అదే పార్కులో బెంచీ దగ్గర నిలబడి, చుట్టూ చూసి, పైకే అనేశాను: "పుస్తకం తెరిచినవాణ్ణి నువ్వెవరి అబ్బాయివని అది అడగదు!" వాకింగుకొచ్చిన కుర్రాడొకడు ఆగి, చెవిలోది ఒకటి పీకి, "నాతోనా అండీ?" అన్నాడు. ఈ వయసులోనూ నా మొహం కందిపోయింది. "అబ్బే, బెంచీ ఖాళీయేనండీ, కూర్చోండి," అన్నాను. కూర్చున్నాడు. చెవిలోది మళ్లీ పెట్టుకుని, లోపలేదో పాటకి కాబోలు, నా వంక చూస్తూ తలూపడం మొదలుపెట్టాడు. పాపం, సోదరీమణుల తరఫున కూడా వాడే ఊపుతున్నాడనిపించి నవ్వొచ్చింది. గొంతు సవరించుకుని మూడో వాక్యం అందుకున్నాను.